క్యాడ్ నేర్పిస్తే రీసెర్చ్ వచ్చేస్తుందా?

జమ్మికుంట నుంచి ఒక తండ్రి అడిగారు: "నాకు చిన్న లేత్ షాపు ఉంది సార్. బిడ్డ వరంగల్‌లో మెకానికల్ మూడో సంవత్సరం. ఎంటెక్ చేసి రీసెర్చ్‌లోకి పోతానంటోంది. చుట్టాలేమో జావా నేర్పించమంటున్నారు. ముందు క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం) కోర్సు చేయిస్తే పనికొస్తుందా?"

చేయించండి, కానీ వేలకు వేలు పోయకండి. సెలవుల్లో కాలేజీ ల్యాబ్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నా వచ్చేస్తుంది. ఈ రంగంలో క్యాడ్ పలకా బలపం లాంటిది. గీసిన బొమ్మకీ చేతికొచ్చిన ముక్కకీ లెక్క కుదరని చోట రీసెర్చ్ మొదలవుతుంది.

బిడ్డతో ఒక పని చేయించి చూడండి. 10 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న పట్టీ గీసి, కాలేజీ త్రీడీ ప్రింటర్‌లో తీసి, మీ షాపులో సన్నని కొలతలు తీసే వెర్నియర్‌తో కొలవమనండి. చాలాసార్లు 10 రాదు, కాస్త తక్కువే వస్తుంది. ప్లాస్టిక్ చల్లారుతూ కుంచించుకుపోవడం ఒక కారణం. ఇంకో కారణం ఫైల్‌లోనే ఉంటుంది. ప్రింటింగ్‌కు వాడే ఎస్‌టీఎల్ ఫైల్‌లో గుండ్రం ఉండదు, చిన్న చిన్న తిన్నని గీతలే. వాటి కొనలు వృత్తం మీదున్నా నడుములు లోపలికి జరుగుతాయి, ఆ మేరకు రంధ్రం ఇరుకవుతుంది. దేనివల్ల ఎంత తగ్గిందో విడదీయాలంటే సైజు మార్చి, గీతలు పెంచి, పదిసార్లు ప్రింట్ తీసి రాసుకోవాలి. ఫినిషింగ్ కట్‌కు ముందు మీరు ఆగి కొలుస్తారే, ఆ బుద్ధే ఇది. పదోసారి కూడా ఓపికగా కొలిస్తే రీసెర్చ్‌కు పంపండి. మూడోసారికే విసుగొస్తే చుట్టాల మాట వినొచ్చు, తప్పేం లేదు.

రీసెర్చ్‌లో మెటీరియల్స్, అంటే లోహాలూ ఇతర పదార్థాల చదువు, వైపు వెళ్లాల్సొచ్చినా బెదరనక్కర్లేదు. మన ఆదిలాబాద్ డోక్రా పనివాళ్లు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. జెట్ ఇంజన్ టర్బైన్ బ్లేడ్ల పోతకూ ఇదే సూత్రం. అక్కడ మట్టికి బదులు సిరామిక్, ఇత్తడికి బదులు నికెల్ మిశ్రమం. చల్లారేటప్పుడు లోపల స్ఫటికాలు ఎటు పెరుగుతాయన్నదే మెటలర్జీ (లోహశాస్త్రం) వాళ్ల తంటా అంతా.

ఇక దారి. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష మూడో సంవత్సరం నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు పనికొస్తుంది. మెకానికల్ పేపరే కాదు, ప్రొడక్షన్ అండ్ ఇండస్ట్రియల్ పేపర్ కూడా చూసుకోమనండి. మన తరంవాళ్లం ఇప్పటికీ ఆర్‌ఈసీ అనే పిలుచుకునే వరంగల్ నిట్‌లో గేట్ మీద ఎంటెక్ సీటొస్తే స్టైపెండ్ నెలకు 12,400. పీహెచ్‌డీ ఫెలోషిప్ 2023 నుంచి మొదటి రెండేళ్లు 37,000, తర్వాత 42,000. జావా జీతంతో పోల్చి చూసుకుంటే మనసు పాడవుతుంది. తర్వాత పని కూడా వరంగల్‌లో తక్కువే. హైదరాబాద్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధన ల్యాబ్ డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక మిశ్రమ లోహాలు చేసే ప్రభుత్వ సంస్థ మిధాని, కొత్త పదార్థాల పరిశోధన చేసే బాలాపూర్ ఏఆర్‌సీఐ వైపు చూడాలి.

ఏ కాలేజీలోనైనా రీసెర్చ్ చేయించే గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన ల్యాబ్‌కి మీరూ వెంట వెళ్లండి. మిషన్ చుట్టూ లోహపు చిప్స్ రాలి ఉన్నాయా, లేక పైన కప్పిన గుడ్డ మీద దుమ్ము పేరుకుందా అన్నది నాకంటే మీకే బాగా తెలుస్తుంది.