మారిషస్ వెళ్లిన పూర్వీకుని ఆచూకీ: ఇంటిపేరుతో వెతకకండి

మీ ముత్తాతగారి తమ్ముడు విశాఖపట్నం ప్రాంతం నుంచి మారిషస్‌కు కూలీగా వెళ్లారనీ, ఇంటిపేరుతో ఎంత వెతికినా అక్కడ ఆనవాలు దొరకలేదనీ రాశారు. దొరకకపోవడం సహజమే. 1835లో బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటల కోసం ఒప్పంద కూలీలను రప్పించినప్పుడు, వలస దస్తావేజుల్లో ప్రధానంగా మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఓడ పేరు నమోదయ్యేవి. తరువాతి తరాలకు తాత పేరో తండ్రి పేరో వంశనామంగా స్థిరపడింది. 1810లో దీవిని గెలుచుకున్న బ్రిటిషువారు అక్కడి ఫ్రెంచి చట్టాలనూ ఆచారాలనూ అలాగే ఉండనిచ్చినందువల్ల, గుమాస్తాలు చెవికి తోచినట్లు రాసుకున్న మన పేర్లకు ఫ్రెంచి వర్ణక్రమం కూడా తోడై, అప్పన్న, వెంకన్న వంటివి గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి.

కాబట్టి వంశవృక్షాల వెబ్‌సైట్లకు డబ్బు కట్టే ముందు (అది దండగ అనే నా అభిప్రాయం) మారిషస్‌లో మోకా అనే ఊరిలో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు రాయండి. వలస దస్తావేజులను భద్రపరచినది ఆ సంస్థే. ఆయన పేరు, తండ్రి పేరు, గ్రామం, సుమారు సంవత్సరం తెలిపి, ప్రతి వలసదారుకూ ఇచ్చిన సంఖ్యను అడగండి. అది దొరికితే మిగతా వెతుకులాట సులువవుతుంది. 1860ల తరువాత వెళ్లినవారైతే ఛాయాచిత్రం కూడా ఉండవచ్చు. తొలినాళ్లలో కోరంగి నుంచి ఓడలు వెళ్లినా, తెలుగువారిలో చాలామంది మద్రాసులోనే ఓడ ఎక్కారు గనుక, రేవు పేరు మద్రాసు అని ఉన్నంత మాత్రాన ఆ నమోదును తోసిపుచ్చకండి. గడువు ముగిశాక స్వదేశానికి తిరిగివచ్చినవారూ ఉన్నారు కాబట్టి, అక్కడి వారసులను వెతికేముందు ఆ వివరం కూడా అడగడం మంచిది.