గిఫ్ట్ డీడ్ రాసేముందు ఆ ఒక్క ముక్క ఉందో లేదో చూసుకోండి

"మా నాన్నగారికి 74 ఏళ్ళు. సొంత సంపాదనతో కట్టుకున్న ఇల్లు ఇప్పుడే తమ్ముడి పేరున గిఫ్ట్ డీడ్ చేసేస్తానంటున్నారు. వీలునామా మంచిదా, గిఫ్ట్ డీడ్ మంచిదా?" అని అడిగారు.

వీలునామా రాయమనండి. నా జవాబు అంతే. మిగతాది మా పెదనాన్న కథ, ఓపిక ఉంటే చదవండి. నేను లాయర్ని కాను, కానీ ఆర్డీవో ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని కూర్చుని సగం లాయరునయ్యాను.

పెదనాన్న గుంటూరు జిల్లాలో ఓ మిల్లులో గుమాస్తాగా చేశాడు. పీఎఫ్ పెన్షన్ రెండు వేల చిల్లర. ఉన్నదల్లా నాలుగు సెంట్లలో కట్టుకున్న ఇల్లు. కింద వాళ్ళుండేవాళ్ళు, పైవాటా అద్దెకిచ్చారు. ఒక కొడుకు, ఇద్దరు ఆడపిల్లలు. 2019లో అన్నయ్య వ్యాపారానికి లోను కావాలన్నాడు. "ఎలాగూ వాడిదేగా, ఇప్పుడిస్తే ఏం, నేను పోయాక ఇస్తే ఏం" అని పెదనాన్న సెటిల్‌మెంట్ (ఇంట్లోవాళ్ళకి రాసే గిఫ్ట్ డీడ్ లాంటిదే) రాయడానికి ఒప్పుకున్నాడు. ఆ దస్తావేజు మీద ఒక సాక్షి సంతకం నాదే.

డాక్యుమెంట్ రైటర్ రాసింది గడగడా చదివాడు. "ప్రేమాభిమానములచే", "పుత్రపౌత్ర పారంపర్యముగా", "దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో". పెదనాన్న ఆ భాషకి మురిసిపోయాడు. పెద్దమ్మ మాత్రం, "మమ్మల్ని చూసుకోవాలని కూడా ఓ ముక్క రాయి నాయనా" అంది. ఆయన తలెత్తకుండానే "అలాంటి షరతులు పెడితే బ్యాంకువాళ్ళు ఒప్పుకోరమ్మా" అన్నాడు. అన్నయ్య నవ్వుతూ "కాగితంలో రాస్తేనే చూస్తానా అమ్మా?" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

తర్వాతది చెప్పక్కర్లేదు. వ్యాపారం మునిగింది. పైవాటా అద్దె అన్నయ్య ఖాతాలోకి వెళ్ళింది. ఇంకో ఏడాదికి కిందవాటా కూడా అద్దెకిచ్చి, ముసలాళ్ళిద్దర్నీ వెనక రేకుల గదిలోకి మార్చాడు. మే నెలలో ఆ రేకుల కింద పెదనాన్న తడితువ్వాలు తలమీద వేసుకుని కూర్చునేవాడు.

అన్నయ్య చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. మీ తమ్ముడి లాంటివాడే. అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడితే ఎంత మంచివాడైనా ముందు పైవాటా అద్దె వైపే చూస్తాడు.

2023లో మేమే పెదనాన్నతో ఆర్డీవో ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టించాం. 2007లో వచ్చిన వృద్ధుల చట్టం కింద పెట్టిన ట్రిబ్యునల్ అది. అరవై దాటిన ఎవరైనా వెళ్ళొచ్చు, లాయరు అక్కర్లేదు. అసలు అక్కడ లాయర్లు వాదించకూడదని చట్టంలోనే ఉంది. అన్నయ్య మాత్రం లాయరు దగ్గర టైపు చేయించిన తొమ్మిది పేజీల కౌంటరు పట్టుకొచ్చాడు. చట్టంలో తొంభై రోజులన్నారు, మాకు పదకొండు నెలలు పట్టింది. వాయిదా వేసిన ప్రతిసారీ ఆటోకి రానూపోనూ నాలుగొందలు, అది ఏ చట్టంలోనూ లేదు.

ఆ రోజు ఆర్డీవోగారు దస్తావేజు ప్లాస్టిక్ కవర్లోంచి తీసి ఒక్కో లైను మీద పెన్ను ఆనించుకుంటూ చదివారు. చివరి పేజీ అయ్యాక మళ్ళీ మొదటి పేజీకి వచ్చారు. "మిమ్మల్ని పోషించాలని ఎక్కడైనా రాశారా పెద్దాయనా?" అని అడిగారు. పెదనాన్న నావైపు చూశాడు. నేను గోడమీది క్యాలెండరు చూశాను.

ఆ చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోనప్పుడు రద్దు చెయ్యొచ్చు. షరతు ఉందని తేలాల్సిందేనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మా కాగితంలో ప్రేమాభిమానాలు ఉన్నాయి, షరతు లేదు. ఇల్లు వెనక్కి రాలేదు. నెలకి ఏడు వేలు మనోవర్తి ఇమ్మన్నారు. గరిష్ఠంగా ఇప్పించగలిగేదే పదివేలట, 2007లో పెట్టిన లెక్క. అప్పటి గ్యాసు బండ ధరెంత, ఇప్పుడెంత?

2025 జనవరి 2న సుప్రీంకోర్టే మధ్యప్రదేశ్ తల్లి కేసులో ఈ సెక్షన్ని ఉదారంగా చదవాలని చెప్పి ఆవిడ ఆస్తి వెనక్కిప్పించింది. వాట్సాప్‌లో అది చూసి మా బంధువులంతా ఫోన్లు. కానీ ఆవిడకి కొడుకు రాసిచ్చిన హామీ కాగితం ఉంది. మాకున్నది అందరం నవ్విన నవ్వు.

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ తొలిచేస్తుంది. పెదనాన్న అసలు ఏ కాగితమూ రాయకుండా పోయి ఉంటే, స్వార్జితం కాబట్టి భార్యకి, ముగ్గురు పిల్లలకి తలా నాలుగో వంతు వచ్చేది. పెద్దమ్మకి కనీసం ఆ వాటా ఉండేది. ఆడపిల్లల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, "పెళ్ళిళ్ళకి పెట్టేశాంగా" అన్నారు. ఎన్టీఆర్ హయాంలో, 1985 నుంచే మన దగ్గర పెళ్ళికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన వాటా వచ్చింది. దేశం మొత్తానికి అది 2005లో వచ్చింది. మా ఇంట్లోకి ఇంకా రాలేదు.

మీ నాన్నగారి విషయానికొస్తే, వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఇద్దరు సాక్షులు ఆయన సంతకం చూసి సంతకం పెట్టాలి. సాక్షులు ఆయనకంటే చిన్నవాళ్ళయితే మేలు, రేపు కోర్టులో చెప్పాల్సింది వాళ్ళే. ఆస్తి వచ్చేవాళ్ళని పెట్టకండి, అనుమానాలొస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆయనకి బుద్ధి పుడితే రేపే చింపి ఇంకోటి రాయొచ్చు. గిఫ్ట్ అలా కాదు, ఒకసారి ఇస్తే ఇచ్చినవాడి ఇష్టం మీద వెనక్కి రాదు.

గిఫ్టే అని పట్టుబడితే, అమ్మానాన్నలిద్దరూ బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు తమదేనని, తిండీ మందులూ తమ్ముడు చూడాలని, చూడకపోతే రద్దవుతుందని రాయించండి. బ్యాంకు ఒప్పుకోకపోతే వేరే బ్యాంకు చూసుకోమనండి.

పెదనాన్న పోయిన ఏడాది పోయాడు. పెద్దమ్మకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరవై సెంట్లు ఉన్నాయి. దినాలయిన పదో రోజు అన్నయ్య వాటి సంగతి కదిపాడు. పెద్దమ్మ ఏమీ అనలేదు. మర్నాడు నాకు ఫోన్ చేసి పిలిపించి వీలునామా రాసింది, అరచెయ్యి అడ్డం పెట్టుకుని. ఎవరికి రాసిందో చెప్పలేదు. ఇద్దరు సాక్షుల్లో ఒకరిగా నన్ను పెట్టుకుంది కాబట్టి నా పేరు లేదని మాత్రం తెలుసు. కవరు అంటించి బియ్యం డబ్బాలో పెట్టింది. ఆ సంగతి ఎలా పొక్కిందో గానీ, వదిన ఇప్పుడు రోజూ పొద్దున్నే రేకుల గదికి కాఫీ పట్టుకెళ్తోంది.