పాత్స్‌క్వారోలో గది తీసుకునే ముందు

అమ్ములూ,

డిసెంబరులో నువ్వొక్కదానివే మెక్సికో వెళ్ళి, మూడు వారాలు పాత్స్‌క్వారోలో ఉండి, అక్కణ్ణించి రోజూ సాంతా క్లారా దెల్ కోబ్రెకి వెళ్ళి రాగి పని నేర్చుకుంటావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ ఊళ్ళో రాగిని కాల్చి, సుత్తి దెబ్బలతోనే పాత్రగా సాగదీస్తారు. ఆ పని కోసం మన ఇంటి పిల్ల అంతదూరం వెళ్తోందంటే గర్వంగా ఉంది. కంగారుగానూ ఉంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఫొటోలు చూసి మూడు వారాల అద్దె ముందే కట్టేద్దామనుకుంటున్నావట. కట్టొద్దు. ఎవరు చెప్పారు నీకు అలా చెయ్యమని? ఫొటోలో దుప్పటి రంగు కనిపిస్తుంది గానీ చెమ్మ వాసన, వీధి చప్పుడు, నీళ్ళ వేడి కనిపించవు. మొదటి రెండు రాత్రులకి మాత్రం బుక్ చేసుకో. మిగతా రోజుల గది ఊళ్ళో తిరిగి, చూసి తీసుకో.

తేదీలు కూడా సరిచూసుకో. 6న దిగుతున్నావు. డిసెంబరు 8 ఆ ఊరి అమ్మవారి పండగ, బసిలికా అనే పెద్ద చర్చిలో ఉన్న 'నుయెస్త్రా సెన్యోరా దె లా సలూద్'ది, అంటే ఆరోగ్యమాతది. యాత్రికులు, బాణాసంచా, బ్యాండు మేళాలు. చవక గదులన్నీ వాళ్ళతోనే నిండుతాయి. 10న దిగేలా టికెట్ మార్చుకుంటే ఊరు కాస్త ఖాళీ అవుతుంది. మళ్ళీ క్రిస్మస్ ముందు నుంచి జనవరి 6 దాకా సెలవుల రేట్లు. వారానికింత అని బేరం కుదుర్చుకున్నప్పుడు ఆ రోజులకీ అదే రేటా అని అడిగి, కాగితం మీద రాయించుకో.

మెక్సికో సిటీ నుంచి బస్సులో ఐదు గంటల ప్రయాణం అనుకో. పొద్దున్నే బయల్దేరు. పాత్స్‌క్వారో ఉన్న మిచొవాకాన్ రాష్ట్రం రోడ్ల మీద చీకటి పడ్డాక ప్రయాణం వద్దే వద్దు. పైగా రాత్రి దిగినవాళ్ళకి గది ఎంచుకునే అవకాశం ఉండదు, దొరికిందే గది. మూడింటికల్లా ఊళ్ళో ఉంటే ముందే బుక్ చేసుకున్న గదిలో సామాను పడేసి, చేతి సంచీతో నాలుగైదు చోట్లు చూసి రావచ్చు.

ఊరికి రెండు కూడళ్ళు. పెద్దది వాస్కో దె కిరోగా పేరుది, అందరూ ప్లాసా గ్రాందె అంటారు. చుట్టూ పాత భవంతులు, వాటిలో ఖరీదైన హోటళ్ళు. ఒక వీధి అవతల హెర్త్రూదిస్ బొకనెగ్రా పేరు మీద ప్లాసా చీకా, దాని పక్కనే మార్కెట్. చవక గదులు ఈ చిన్న కూడలి వైపు సందుల్లో వెతుకు. 'పొసాదా' (చిన్న సత్రం), 'కాసా దె వెస్పెదెస్' (అతిథుల ఇల్లు) అని రాసినవి నీకు పనికొస్తాయి. ఊరంతా తెల్లగోడ, కింద ఎర్ర పట్టీ, నల్ల అక్షరాల్లో మొదటిది మాత్రం ఎరుపు. బోర్డులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి నిలబడి చదువు. ఊరి బయట 'మోటెల్', 'ఆటో హోటల్' అని కనిపించేవి చాలావరకు గంటల లెక్కన ఇచ్చేవి. వాటి జోలికి పోకు.

లోపలికి వెళ్ళగానే ముందు 'బ్వెనాస్ తార్దెస్, సెన్యోరా' అను. పలకరించకుండా ధర అడిగితే చిన్న ఊళ్ళలో మొహం ముడుచుకుంటారు. తర్వాత 'ప్వేదో బేర్ ఎల్ క్వార్తో?' గది చూడొచ్చా అని. ఈ ప్రశ్నకి ఎవరూ ఏమీ అనుకోరు. చూపించనంటే ఇంకో మాట లేకుండా బయటికి వచ్చెయ్. ధర చెప్పాక పన్ను కలిపా, విడిగానా అడుగు. అమ్మకం పన్ను 16 శాతం, పైన రాష్ట్రం బస పన్ను. విడిగా వేస్తే బిల్లు బాగా పెరుగుతుంది.

గదిలో చూడాల్సినవి చెబుతాను. సంచీ మంచం మీద పెట్టకు. తలవైపు దుప్పటి మూల ఎత్తి, పరుపు కుట్ల వెంట, మంచం చెక్క సందుల్లో ఫోన్ లైటు వేసి చూడు. మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే నల్లులు. తలుపు మూసి లోపలి గడియ నువ్వే వేసి చూడు. దిండు వాసన చూడు. వీధివైపు గదికి గాలి బాగుంటుంది గానీ గంటలు, తారాజువ్వలు నిద్రపోనివ్వవు. లోపలి వాకిలివైపు గది నిశ్శబ్దం, కానీ పాత ఇళ్ళలో వాటికి కిటికీ ఉండకపోవచ్చు. కిటికీ లేని గది తీసుకోకు. ఇంకో దుప్పటి ముందే అడుగు, డిసెంబరు రాత్రులు పది డిగ్రీల లోపుకి దిగుతాయి, గదుల్లో హీటర్లు ఉండవు.

ఆ చలి వల్లే అసలు భయం. ఇక్కడ కాస్త నిదానంగా చదువు.

వేడి నీళ్ళు ఉన్నాయా అని అందరూ అడుగుతారు. 'సీ', అంటే అవును, అనగానే డబ్బిచ్చేస్తారు. ఆ నీళ్ళు ఎక్కడ కాగుతున్నాయో అడగరు. పరదేశం వెళ్ళినవాళ్ళు చేసే తప్పుల్లో ప్రాణం తీసేది ఇదే. అక్కడ నీళ్ళు కాచేది ఎక్కువగా గ్యాస్ బాయిలర్. అది డాబా మీదో పెరట్లోనో ఉండాలి. స్నానాల గదిలో, గదిని ఆనుకున్న మూసిన అరలో ఉంటే ఆ గది వద్దు, ఎంత చవకైనా సరే. గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్‌కి వాసన కలుపుతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది. ఈ విషవాయువుకి ఆ అవకాశమూ లేదు. 2022 అక్టోబరు చివర, మృతుల పండగ చూడ్డానికి మెక్సికో సిటీ వచ్చిన ముగ్గురు అమెరికన్లు అద్దె ఫ్లాట్‌లో ఇలాగే పోయారు. మన దగ్గర స్నానాల గదుల్లో గ్యాస్ గీజర్లు పెట్టి పోయినవాళ్ళ వార్తలు నువ్వూ చదివే ఉంటావు.

అందుకని బాయిలర్ చూపించమని అడుగు. 'దోందె ఎస్తా ఎల్ బాయిలర్?' మంట నీలంగా ఉండాలి. పసుపుగా ఊగుతున్నా, పైన మసి పట్టినా, పొగ గొట్టం ఊడిపోయినా, ఆ గొట్టం నీ కిటికీ కిందే తెరుచుకున్నా అక్కడ ఉండకు. షవర్ తిప్పి మూడు నిమిషాలు వదులు. C అక్షరం రాసిన కుళాయి వేడిది, F రాసినది చల్లటిది. చలిగా ఉందని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కకు. బొగ్గుల కుంపటి గదిలోకి తెచ్చిస్తామంటే వద్దను. పాత ఇళ్ళలో చలిమంట గూడు ఉంటే, నిద్రపోయే ముందు నిప్పు పూర్తిగా ఆరిపోవాలి.

ఇంకో సంగతి. పాత్స్‌క్వారో దాదాపు 2,140 మీటర్ల ఎత్తు. మొదటి రోజు తలనొప్పి, వికారం, నీరసం వస్తే ఎత్తు వల్లేనని పడుకుంటారు. విషవాయువు లక్షణాలూ అవే. తలనొప్పి గదిలో పెరిగి, బయట అరగంట ఉంటే తగ్గుతోందా? పక్కగది వాళ్ళకీ ఉందా? అలాగైతే మళ్ళీ లోపలికి వెళ్ళకు, సామాను కోసం కూడా. 911కి ఫోన్ చెయ్.

బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనుక్కో. డబ్బు నేను పంపిస్తాను. ప్లగ్‌ది వద్దు, అక్కడి కరెంటు 127 వోల్టులు, ప్లగ్గు పిన్నులు వేరు. మంచం పక్కన బల్ల మీద పెట్టుకో, ఆవిరి తగిలే చోట కాదు. మీ అమ్మ పెట్టెలో సర్దిన హీటింగ్ రాడ్ తీసెయ్. మన 230 వోల్టుల రాడ్ అక్కడ మూడోవంతు వేడి కూడా ఇవ్వదు. బకెట్ కావాలంటే 'కుబెతా' అని అడుగు. తాగడానికి మాత్రం పెద్ద డబ్బా నీళ్ళే, కుళాయివి పళ్ళు తోముకోడానికీ వద్దు. టాయిలెట్ కాగితం పక్కన బుట్టలో వెయ్యాలి, సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి.

చూసి తీసుకున్న గదికి మొదట ఒక్క రాత్రికే డబ్బు కట్టు. పొద్దున నచ్చితే 'పోర్ సెమానా' అని వారం రేటు అడుగు, చాలా చోట్ల తగ్గిస్తారు. రసీదు తీసుకో. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకో, ఐదువందల పెసోల నోటుకి పొద్దున్నే చిల్లర దొరకదు.

నువ్వు జాగ్రత్తపరురాలివే, నాకు తెలుసు. అయినా నాకోసం ఒక పని చెయ్యి. గది కుదిరిన రోజు వీధి పేరు, ఇంటి నంబరు, గది నంబరు, బాయిలర్ ఫొటో నాకు వాట్సాప్‌లో పంపు. మనకి అర్ధరాత్రి అవుతుందని ఆగకు, పంపెయ్. గ్యాస్ సంగతి మీ అమ్మకి నేను చెబుతాను, నువ్వు చెప్పొద్దు.

ఆశీస్సులతో,
మావయ్య