కొర్రమీను గాలానికి అడ్డుతీగ: కొత్త పరికరం తయారు చేయాలనుకునేవారికి నా అనుభవం

గాలం వేసేవారికి పనికివచ్చే పరికరం ఒకటి మీకు తోచిందనీ, దాన్ని ఎలా తయారు చేయాలో, హక్కులు ఎలా పొందాలో చెప్పమనీ అడిగారు. బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి కనిగిరి రిజర్వాయరు గట్టున (కనిగిరి పట్టణం వేరు) రెండేళ్లు ఇలాంటి పనిలోనే గడిపాను కనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

నా సమస్య కొర్రమీను. అది గుర్రపుడెక్క, తామర, నాచు దట్టంగా ఉన్నచోటే తిరుగుతుంది. గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది కనుక ఎక్కడుందో తెలుస్తుంది గానీ, అక్కడికి గాలం విసిరితే చేప కంటే ముందు ఆకే తగులుకుంటుంది. మొదట్లో కర్రనూ రీలునూ తంగూసునూ మార్చి చూశాను, ఫలితం లేకపోయింది. ప్రతి విసురుకూ ఏమి జరిగిందో నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టిన తరువాతే, మార్చవలసింది ముల్లు మొన దగ్గరేనని తెలిసింది.

మోటారు సైకిలు క్లచ్ వైరులో నుంచి ఒక పోగు తీసి, ఒక కొసను ముల్లు కాడకు దారంతో బిగించి, రెండో కొస మొనకు కాస్త పైన అడ్డుగా నిలిచేలా వంచాను. ఆకు తగిలినప్పుడు తీగ దాన్ని పక్కకు జార్చాలి, చేప నోరు మూసినప్పుడు తానే వంగి మొనకు దారి ఇవ్వాలి. చిక్కంతా ఆ బిగువులోనే ఉంది. రెండు పోగులు పెడితే నాచు అంటేది కాదు గానీ, కొర్రమీను నోరు గట్టిది కనుక మొన దిగకుండానే జారిపోయేది. ఒకే పోగును పొడవుగా వదిలితే నాచు బరువుకే వంగిపోయేది. చివరకు వంటింటి కాటా పళ్లెం మీద తీగను అదిమి, అది మొనను తాకేసరికి ఎంత బరువు చూపుతోందో రాసుకుని, ప్రతి తీగనూ ఆ లెక్కకే కత్తిరించాను. అప్పటి నుంచే ఒక గాలం పనిచేసినట్టు మరొకటీ పనిచేసింది. చేతి అంచనాను నమ్మవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

పరీక్షించేటప్పుడు చెరువును పాటకు తీసుకున్న సంఘం అనుమతి తీసుకోండి. ఎర్రని పిల్లల గుంపును కాపాడుకుంటున్న కొర్రమీను కనిపిస్తే అక్కడ గాలం వేయకండి. తల్లిదండ్రులు పోతే ఆ పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి.

ఇక హక్కుల విషయం. నేను వెతికితే అడ్డుతీగ ఉన్న గాలాలు విదేశాల్లో చాలా కాలంగా ఉన్నాయని తేలింది. అందుకే నేను దరఖాస్తు చేయలేదు. మీరు కూడా ముందుగా పేటెంటు కార్యాలయం వారి ఉచిత అన్వేషణ పేజీలో చూడండి. మన 1970 చట్టం ప్రకారం, తెలిసిన పరికరాలనే పక్కపక్కన అమర్చి, అవి దేనికవి విడిగా పనిచేస్తే దానికి పేటెంటు రాదు. మీది నిజంగా కొత్తదైతే, వీడియో పెట్టకముందే, అమ్మకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌వారు వెళ్లవలసింది చెన్నై కార్యాలయానికి. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, దరఖాస్తును కార్యాలయం వారు పరీక్షించడానికి కట్టే రుసుము వేరు.

మీ పరికరం ఏ చేపకో, ఏ నీటిలో వాడాలనుకుంటున్నారో రాస్తే, తీగ మందం, పొడవు గురించి నా నోటు పుస్తకంలోని కొలతలు పంపుతాను.