వెనక నుంచి గుద్దితే తప్పెవరిది?

"ముందు కారు సడన్ బ్రేక్ వేసింది. ఆపలేక వెనక నుంచి గుద్దాను. తప్పంతా నాదేనంటున్నారు, ఇది న్యాయమేనా?" అని అడిగారు. మీకు నచ్చకపోవచ్చు గానీ, న్యాయమే అంటాను. ముందువాడు ఎప్పుడైనా సడన్ బ్రేక్ వేస్తాడనే కదా మనం గ్యాప్ వదిలేది! 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలోనే ఉందిది: ముందు బండి ఉన్నట్టుండి ఆగినా తగలనంత దూరంలో వెనక బండి ఉండాలి. అవసరం లేకుండా సడన్ బ్రేక్ వేయకూడదని కూడా అందులోనే ఉంది, నిజమే. కానీ ఎవరో పిల్లాడు రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చాడని ఆయనంటే, కాదని మీరెలా నిరూపిస్తారు? రోడ్డుని రికార్డు చేసే డాష్‌క్యామ్ కెమెరా కార్లో లేకపోతే అయ్యే పని కాదు.

అలాగని ఎప్పుడూ గుద్దినవాడిదే తప్పు అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఎందుకో చెప్తాను.

సిగ్నల్ దగ్గర నా కారు ఆగి ఉంది. కాలు బ్రేక్ మీదే ఉంది. అద్దంలో చూస్తే వెనక నుంచి వస్తున్న కారు స్పీడు తగ్గుతున్నట్టే అనిపించలేదు. నేను తేరుకునేలోపే ధబ్‌మని గుద్దింది. ఆ ఊపుకి నా కారు జరిగి ముందు కారుకి తగిలింది. ముందాయన దిగీదిగగానే నా మీదికి వచ్చాడు. ఆయన్నీ అనలేం, డిక్కీని ఆనుకుని కనిపిస్తున్నది నా బంపరే మరి. నాకు ఒళ్లు మండింది వెనకాయన మాటకి. "నువ్వే ముందు ఆయన్ని గుద్ది టక్కున ఆగిపోయావు, అందుకే నేను ఆపలేకపోయాను" అన్నాడు! నా కారుకి ముందూ సొట్టే, వెనకా సొట్టే. అక్కడ చేరిన జనం ఎవరి మాటైనా నమ్మేటట్టే ఉన్నారు.

అప్పుడు ముందు కారు వెనక సీట్లో ఉన్న పెద్దావిడ అద్దం దించి, "ఒక్కసారే కదా బాబూ కుదిపింది?" అన్నారు. తగాదా మొత్తం తేల్చింది ఆ మాటే. నేనే ముందు గుద్ది ఉంటే వాళ్లకి రెండు కుదుపులు తెలియాలి: మొదటిది నేను గుద్దింది, రెండోది వెనకాయన నన్ను తోసింది. ఒక్కటే తెలిసిందంటే నేను అప్పటికే ఆగి ఉన్నట్టు. తర్వాత వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్ కూడా ముందాయన్ని మొదట అడిగింది ఈ ప్రశ్నే. నా కారుకి వెనక దెబ్బ ఎక్కువ, ముందు దెబ్బ తక్కువ అని రాసుకున్నాడు. వెనకాయన కారు ముక్కు నా బంపర్ కిందికి దూరి ఉండటం కూడా చూపించాడు. గట్టిగా బ్రేక్ వేస్తే కారు ముక్కు కిందికి వంగుతుంది. అంటే ఆయన బ్రేక్ వేశాడు, కానీ చివరి క్షణంలో వేశాడు.

ఇవన్నీ తేలాలంటే బండ్లు కదపకముందే నాలుగు ఫోటోలు తీయాలి. మనవాళ్లకి మాత్రం ఎక్కడ లేని తొందర. "ఇక్కడే మాట్లాడేసుకుందాం, ఎందుకండీ ఈ టెన్షన్" అంటారు. వెనక నుంచి గుద్దిన కుదుపుకి వచ్చే మెడ నొప్పి చాలామందికి మర్నాటికి గానీ తెలియదు. అప్పుడు ఎవరితో మాట్లాడుకుంటారు?

ఇంక గ్యాప్ సంగతి. 60 కిలోమీటర్ల స్పీడులో కారు సెకనుకి 16 మీటర్లు దాటి పోతుంది. కన్ను చూసి కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి సెకను, సెకనున్నర పడుతుంది. అంటే బ్రేక్ పని మొదలుపెట్టక ముందే 17 నుంచి 25 మీటర్లు అయిపోతాయి. తడి రోడ్డయితే ఆ తర్వాత ఆగడానికీ ఇంకా దూరం కావాలి. ఇది తెలిసీ నా బంపర్‌కి అతుక్కుని లైట్లు కొడుతూ వచ్చేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. "గ్యాప్ వదిలితే ఇంకొకడు దూరతాడండీ" అంటారు. దూరనివ్వండి, మళ్లీ వదలండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా ముందు కారు వెనక టైర్లు రోడ్డుని తాకే చోటు మీకు కనపడాలి. అంత గ్యాప్ ఉంటే చిన్న దెబ్బకి మీ కారు ముందుదాని మీదికి పోదు.

ముందువాడి మీద తప్పు పడే సందర్భాలూ ఉన్నాయి. రివర్స్‌లో వచ్చి గుద్దినా, అప్పుడే లేన్ మారి మీ ముందు దూరి వెంటనే బ్రేక్ వేసినా, బ్రేక్ లైట్లు పనిచేయకపోయినా మొత్తమో కొంతో ఆయన మీదికి వెళ్తుంది. ఇప్పటి కార్లు చాలావాటిలో గుద్దుకోవడానికి ముందు 5 సెకన్ల స్పీడు, బ్రేక్ వేశారా లేదా అన్నవి రికార్డవుతాయి. గొడవ పెద్దదైతే అది తీయించమని అడగండి.

మీ ప్రశ్నలో ఆయన బ్రేక్ గురించే రాశారు. మీ ఇద్దరి మధ్యా ఎంత దూరం ఉందో రాయలేదు. సర్వేయర్ ముందు అడిగేది అదే. ఆయన బ్రేక్ లైట్లు వెలగలేదనో, అప్పుడే మీ ముందుకి దూరాడనో మీకు గట్టిగా గుర్తుంటే ఇవాళే కాగితం మీద పెట్టండి, చూసినవాళ్ల నంబర్ సంపాదించండి. అవేవీ లేకపోతే క్లెయిమ్ సంగతి మీ ఇన్సూరెన్స్ వాళ్లకి వదిలేసి, ముందాయన మెడ ఎలా ఉందో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.