బండితో పడ్డాక వెంటనే లేచి బయలుదేరకండి: మూడుసార్లు పడిన అనుభవంతో చెబుతున్నాను

హైదరాబాద్‌లో మెహిదీపట్నం దగ్గర మీరు యూటర్న్ తీసుకుంటూ కొత్త బండితో సహా పక్కకు ఒరిగిపోయారనీ, చుట్టుపక్కల వాళ్లు లేపగానే సిగ్గుతో ఆగకుండా ఇంటికి వచ్చేశారనీ, వారమైనా మోకాలి వాపు తగ్గలేదనీ, ఇప్పుడు బండి తాళంచెవి చూస్తేనే భయమేస్తోందనీ రాశారు. ఇలా అందరికీ జరుగుతుందా, తప్పంతా మీదేనా అని అడిగారు. నేను 2008 నుంచి మలక్‌పేట, బేగంపేటల మధ్య రోజూ బండి మీదే తిరుగుతున్నాను, ఈ కాలంలో మూడుసార్లు పడ్డాను. అన్నిటికన్నా ముందు ఆ మోకాలిని ఎముకల వైద్యుడికి చూపించండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నా రెండో అనుభవం చదివితే మీకే అర్థమవుతుంది.

మొదటిసారి పడింది 2009లో, మా అపార్ట్‌మెంటు సెల్లారులోనే. అప్పుడు నా దగ్గర ఉన్నది పాత బుల్లెట్ 350, సుమారు 190 కిలోల బరువు. ర్యాంపు ఎక్కడానికి ముందు హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పాను, ఎదురుగా ఎవరో పిల్లవాడు కనిపించేసరికి ముందు బ్రేకు పట్టుకున్నాను. బండి ఎడమకు ఒరగడం మొదలైంది, దాన్ని ఆపడం నా కాలి వల్ల కాలేదు. మీ యూటర్న్‌లో జరిగింది కూడా దాదాపు ఇదేనని మీరు రాసిన తీరునుబట్టి అనుకుంటున్నాను. వేగంగా వెళ్లే బండి చాలావరకు తనంతట తాను నిలబడుతుంది కాని, నడక వేగంలో ఆ ఆసరా ఉండదు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు చక్రాన్ని చటుక్కున ఆపితే బరువంతా తిప్పిన వైపుకే వస్తుంది. అందుకే మెల్లగా మలుపు తిరిగేటప్పుడు ముందు బ్రేకు జోలికి పోకుండా, హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగమే వదిలి, ఇంజను లాగుతూ ఉండగా వెనక బ్రేకును కొద్దిగా తొక్కి వేగం సర్దుకోవాలి, చూపు ముందు చక్రం మీద కాకుండా వెళ్లవలసిన చోటు మీద ఉండాలి.

ఆరోజు సిగ్గుతో ఒక్కడినే బండిని ఒక్క ఊపున ఎత్తబోయి నడుము పట్టేయించుకున్నాను. తర్వాత మా వీధి మెకానిక్ షెడ్డులో ఆయన పద్ధతి చూపించాడు. "నడుముతో లేపితే నడుము పోతది సార్, కాళ్లతో లేపాలె" అన్నాడు. ముందు ఇంజను ఆపి, వీలైతే గేరులో వేయాలి, అప్పుడు బండి ముందుకో వెనక్కో దొర్లదు. కుడివైపు పడితే సైడ్ స్టాండు ముందే తీసి ఉంచాలి, లేకపోతే లేపిన ఊపులో అవతలికి పడుతుంది. ఆ పైన బండికి వీపు తిప్పి, సీటుకు ఆనుకుని గొంతుక్కూర్చుని, ఒక చేత్తో కిందికి వాలిన హ్యాండిల్ పిడినీ మరో చేత్తో సీటు వెనక కడ్డీనీ పట్టుకుని, వెనక్కి చిన్న చిన్న అడుగులు వేస్తూ కాళ్ల బలంతో లేవాలి. అంత పెద్ద బుల్లెట్ అలా లేస్తుందని నేను నమ్మలేదు, కాని లేచింది.

రెండోది 2014 జూన్‌లో, మొదటి వాన కురిసిన సాయంత్రం. మన ఊళ్లో తొలి జల్లు ఎంత ప్రమాదమో బండి నడిపేవాళ్లందరికీ తెలియాలి. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము, టైర్ల అరుగుడు ఆ కొద్దిపాటి నీటిలో కలిసి జిగటగా పైకి తేలతాయి. గట్టివాన గంటసేపు కురిసి అదంతా కొట్టుకుపోయిన తర్వాత కన్నా, ఆ మొదటి పది పదిహేను నిమిషాలే ఎక్కువ జారుతుంది. దానికి తోడు జీబ్రా గీతల తెల్లరంగు, మ్యాన్‌హోల్ మూతలు, తవ్విన చోట పరిచే ఇనప రేకులు ఉండనే ఉన్నాయి. లక్డీకాపూల్ దాటి ఖైరతాబాద్ వైపు వెళుతుండగా ముందున్న ఆటో ఎవరో చెయ్యి ఎత్తగానే ఆగిపోయింది. నేను కంగారులో ముందు బ్రేకు బిగించి పట్టుకున్నాను, సరిగ్గా అప్పుడే చక్రం తెల్లగీత మీద ఉంది. నాది ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని బండి కావడంతో చక్రం లాక్ అయింది, మరుక్షణంలో నేను కుడి అరచేయి ఆన్చి రోడ్డు మీద ఉన్నాను.

"క్యా హువా భాయ్" అంటూ నలుగురు వచ్చి లేపారు, ఒకరు బండి పక్కకు తీశారు, చాయ్ బండి ఆయన నీళ్లిచ్చాడు. ఈ నగరంలో అలా పరిగెత్తుకు వచ్చే మనుషులు ఉండడం నాకు ఇప్పటికీ ధైర్యమే. కాని అంతమంది చూస్తున్నారన్న ఇబ్బందిలో "ఏం కాలేదు" అని రెండు నిమిషాల్లో బండి తీసి వెళ్లిపోయాను. పడిన వెంటనే ఒంట్లో ఉండే ఉద్రేకం వల్ల నొప్పి తెలియదు, ఆ పది నిమిషాల్లో మన శరీరం చెప్పేది నమ్మకూడదని నాకు అప్పటికి తెలియదు. రాత్రికి మణికట్టు వాచింది. మరుసటిరోజు ఒక ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు, బెణుకని చెప్పి పంపారు. నేను మందు రాసుకుంటూ, అదే చేత్తో యాక్సిలరేటర్ తిప్పుతూ నాలుగు వారాలు గడిపాను.

చివరికి మరో వైద్యుడు బొటనవేలి మొదట్లో, బొటనవేలిని వెనక్కి చాచినప్పుడు కనిపించే చిన్న గుంటలో వేలితో నొక్కగానే ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది. అక్కడ జీడిపప్పు ఆకారంలో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుందనీ, అరచేయి ఆన్చి పడేవాళ్లకు మణికట్టులోని చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది అదేననీ ఆయన చెప్పారు. పగులు సన్నగా ఉంటే తొలి ఎక్స్‌రేలో కనిపించకపోవడం మామూలే, అందుకే అనుమానం ఉన్నప్పుడు చేతిని కదలకుండా కట్టి, పది పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. ఆ ఎముకకు రక్తం ప్రధానంగా వేళ్ల వైపు చివర నుంచి వెనక్కి అందుతుంది కాబట్టి, విరిగినప్పుడు పట్టించుకోకపోతే వెనక ముక్కకు రక్తం అందక అతుక్కోకపోవచ్చు. నాకు పది వారాలు పిండికట్టు వేశారు, అతుక్కుంది. ఆ మణికట్టు పూర్తిగా వెనక్కి వంగదు, చలికాలం ఉదయాల్లో ఇప్పటికీ బిగుసుకుంటుంది. పడడం వల్ల జరిగిన నష్టం కన్నా, పడలేదన్నట్టు ప్రవర్తించడం వల్ల జరిగిన నష్టమే నాకు ఎక్కువ.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. పడితే వాహనాల దారి నుంచి తప్పుకుని కనీసం పది నిమిషాలు కూర్చుంటాను, వేళ్లూ మణికట్టూ మెడా ఒక్కొక్కటే కదిపి చూసుకుంటాను. తలకు దెబ్బ తగిలి, వాంతులైనా, మత్తుగా ఉన్నా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా బండి ముట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లవలసిందే. తర్వాతే బండి సంగతి: పెట్రోలు వాసన వస్తోందా, ఇంజను కింద ఆయిలు కారుతోందా, హ్యాండిల్ ముందు చక్రంతో తిన్నగా ఉందా, వంగిన బ్రేకు పెడలు ఎక్కడైనా ఇరుక్కుందా అని చూడాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కొన్ని బండ్లలో పడగానే సెన్సరు ఇంజనును ఆపేస్తుంది, తాళంచెవి ఒకసారి ఆపి మళ్లీ తిప్పితే సరిపోతుంది. హెల్మెట్ నేలకు తగిలి ఉంటే పైకి గీత మాత్రమే కనబడినా మార్చేయండి, లోపలి థర్మాకోల్ పొర ఒకసారి నలిగితే రెండోసారి ఆ దెబ్బను తట్టుకోదు.

వేరేవాళ్లు పడినప్పుడు కూడా మనం తొందరపడుతున్నాం. గబగబా లేపి కూర్చోబెట్టడం, హెల్మెట్ లాగేయడం, నోట్లో నీళ్లు పోయడం మంచి మనసుతో చేసేవే కాని, మెడకు దెబ్బ తగిలి ఉంటే అవే ప్రాణం మీదికి తెస్తాయి. ఊపిరి ఆడుతూ ఉంటే కదపకుండా, వెనక వచ్చే వాహనాలను ఆపి 108కి ఫోను చేయాలి. పోలీసు కేసు భయంతో వెనకాడేవాళ్లు ఇంకా ఉన్నారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను, సదుద్దేశంతో సాయం చేసినవారికి రక్షణ కల్పించింది.

మూడోది గండిపేట దారిలో ఇసుక మీద జరిగిన చిన్న జారుడు, మోచెయ్యి గీరుకుంది, అంతే.

తప్పు మీదేనా అన్న దానికి నా సమాధానం, మీరు ఇంకా నేర్చుకోని ఒక నైపుణ్యం అది. నాకు రెండో ప్రమాదం తర్వాత కట్టు విప్పాక రెండు నెలలు మీలాంటి భయమే ఉండేది. ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఇంటి దగ్గరి ఖాళీ మైదానంలో ముందు 20 కిలోమీటర్ల వేగంతో, తర్వాత 30, 40తో బ్రేకు వేయడం సాధన చేశాను. ముందు బ్రేకును ఒక్కసారిగా కాక, బరువు ముందుకు వస్తున్నకొద్దీ క్రమంగా బిగించాలని చేతికి అప్పుడే తెలిసింది. 40 వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది, 60లో దాదాపు 17. పైగా 60లో బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరం 40తో పోలిస్తే రెండింతలకు మించి ఉంటుంది. ఈ లెక్క తలకెక్కాక ఆటోల వెనక దూరం దానంతట అదే పెరిగింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీకి మించిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి మీ బండికీ ఉండవచ్చు, కాని యూటర్న్‌లో హ్యాండిల్ తిప్పి బ్రేకు పట్టుకుంటే అది మిమ్మల్ని నిలబెట్టదు. కాబట్టి మైదానంలో హాఫ్ క్లచ్‌తో మెల్లగా గుండ్రంగా తిరగడం ముందుగా మొదలుపెట్టండి, అదీ వైద్యుడు మోకాలు చూసి సరేనన్న తర్వాతే. ఆయన ఏమన్నారో ఇక్కడ రాస్తే, సాధన ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో వివరంగా చెబుతాను.