మొదటి లీగ్ కప్‌కి డెక్ మార్చాలా, డెక్‌లో కార్డులు మార్చాలా?

మీరు అడిగింది ఇది: మూడు వారాల్లో మీ మొదటి పోకెమాన్ లీగ్ కప్, అంటే షాపులో జరిగే పోకెమాన్ కార్డుల పోటీ, ఉంది. పెద్ద టోర్నమెంటులో గెలిచిన లిస్టు ఒకటి చూసి 60 కార్డులూ అలాగే కొన్నారు. ఆడితే మాత్రం ఓడిపోతున్నారు. ఇప్పుడు వేరే డెక్‌కి మారాలా, ఉన్నదాన్నే సరిచేసుకోవాలా, చేసుకుంటే ఎన్ని కార్డులు మార్చాలి?

డెక్ మార్చకండి. 60లో నాలుగైదు కార్డులు మార్చుకోండి, అదీ రెండో వారం దాటాకే. ఎందుకంటున్నానో నా సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

నేను డాలస్ పక్కన ఉంటాను. 2024 చలికాలం ముందు నా మొదటి కప్‌కి వెళ్ళాను. నా డెక్ చారిజార్డ్ ఈఎక్స్, పిడ్జాట్ ఈఎక్స్ అనే రెండు పోకెమాన్ల చుట్టూ కట్టింది. దాన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలు. పిడ్జాట్ బల్ల మీదికి వస్తే ప్రతి టర్న్‌లో డెక్‌లోంచి నాకు కావలసిన ఏ కార్డునైనా ఒకటి వెతికి తీసుకోవచ్చు. ఇక చారిజార్డ్ దెబ్బ 180తో మొదలై, అవతలివాళ్ళు తీసుకున్న ఒక్కో ప్రైజ్‌కీ 30 చొప్పున పెరుగుతుంది (ఎదుటి పోకెమాన్‌ని పడగొడితే తీసుకునే కార్డే ప్రైజ్, ఆరూ ముందు తీసుకున్నవాళ్ళు గెలుస్తారు). అంటే వెనకబడేకొద్దీ బలం పెరుగుతుంది. కొత్తగా పోటీకి వెళ్ళేవాళ్ళకి మొదటి ఆటల్లో తప్పులు జరుగుతాయి. తప్పు చేసినా మళ్ళీ లేవనిచ్చే డెక్ కావాలనుకున్నాను. ఆ ఎంపిక సరైనదని ఇప్పటికీ నమ్ముతాను.

డెక్ ఎంపికలో చాలామంది ఆలోచన "ఇప్పుడు ఏది గెలుస్తోంది" దగ్గరే ఆగిపోతుంది. 2024 ఆగస్టులో హోనొలులులో జరిగిన ప్రపంచ పోటీ చూడండి. చిలీకి చెందిన ఫెర్నాండో సిఫుయెంటెస్ ఐరన్ థార్న్స్ ఈఎక్స్‌తో గెలిచాడు. ఆ పోకెమాన్ ముందు వరసలో ఉన్నంతసేపూ, ఫ్యూచర్ రకానివి తప్ప, రూల్ బాక్స్ ఉన్న (ఈఎక్స్‌ల్లా కార్డు మీద ప్రత్యేక నియమం రాసి ఉన్న) పోకెమాన్ల ఎబిలిటీలేవీ, అంటే దాడి కాకుండా వాటికుండే ప్రత్యేక శక్తులేవీ, పనిచేయవు. ఆ హాల్లో మంచి డెక్‌లలో చాలా భాగం సరిగ్గా అలాంటి ఎబిలిటీల మీదే నడిచేవి. నా పిడ్జాట్ కూడా అంతే, దాని ముందు నోరు మెదపలేదు. సిఫుయెంటెస్ ఆ గదిని చదివి దానికి తగ్గ డెక్ తెచ్చాడు. అదే లిస్టుని మా షాపులో పాతికమంది ఆడే కప్‌కి తెస్తే? మా దగ్గరికి పిల్లలొస్తారు, తమకి నచ్చిన పోకెమాన్‌తో కట్టుకున్న డెక్‌లతో వస్తారు. వాటిలో సగం ఎబిలిటీల మీద ఆధారపడనే పడవు. గది మారితే పందెం విలువ మారిపోతుంది. మీరు కొన్న లిస్టు కూడా అలాగే ఇంకెవరి గదికో కుట్టిన చొక్కా. గుడ్డ మంచిదే, భుజాల దగ్గర మీ కొలతకి సవరించుకోవాలి.

ఇంకో సంగతి. మ్యాజిక్ అనే ఇంకో కార్డుల ఆట ఆడేవాళ్ళకి పక్కన 15 కార్డుల సైడ్‌బోర్డ్ ఉంటుంది, మొదటి ఆట అయ్యాక రెండో ఆటకి కార్డులు మార్చుకుంటారు. మనకి అది లేదు. పొద్దున రాసిచ్చిన 60తోనే సాయంత్రం దాకా ఆడాలి. అందుకే ఒక్క డెక్‌ని కొట్టడానికి పెట్టుకున్న కార్డు మిగతా రౌండ్లన్నింటిలో చేతిలో బరువై కూర్చుంటుంది. ఒక్కో కార్డునీ పట్టుకుని "నువ్వు ఏ మ్యాచ్ కోసం? ఆ మ్యాచ్ నాకు ఎన్నిసార్లు తగులుతుంది?" అని అడగాలి.

ఈ ప్రశ్న నేను సరిగ్గా అడగక ఎలా దెబ్బతిన్నానో చెబుతాను. మా చుట్టుపక్కల అప్పుడు డ్రాగపల్ట్ ఈఎక్స్ ఎక్కువ. దాని ఫాంటమ్ డైవ్ ముందున్నదానికి 200 కొట్టి, బెంచ్ మీద, అంటే వెనక వరస పోకెమాన్ల మీద, ఆరు డ్యామేజ్ కౌంటర్లు ఇష్టమొచ్చినట్టు పంచుతుంది. ఆరు కౌంటర్లంటే 60. చారిజార్డ్‌కి తొలి రూపమైన నా చార్మాండర్‌కి హెచ్‌పీ, అంటే ప్రాణబలం, 70 కాబట్టి పది మిగిలి బతుకుతుంది. నా డెక్‌లోనే ఉన్న డస్క్‌నాయిర్‌కి తొలి రూపం డస్కల్, దాని హెచ్‌పీ 60, అది పోతుంది. బెంచ్‌ని కాపాడుకోవాలని మనాఫీ పెట్టాను. బెంచ్ మీద పోకెమాన్లకి దాడుల వల్ల డ్యామేజ్ రాకుండా ఆపే కార్డు అది. రెండు వారాలు దాన్ని నమ్ముకునే ఆడాను.

మా పిన్ని కొడుకు నాతో సాధన చేసేవాడు. డైనింగ్ టేబుల్ మీద, నా దగ్గర లేని కార్డులకి కాగితం ముక్కల మీద పేర్లు రాసి స్లీవ్‌లలో పెట్టుకుని, వాడు డ్రాగపల్ట్ నడిపేవాడు. ఒక రాత్రి ఆరు కౌంటర్లూ నా డస్కల్ మీద పెట్టాడు. నేను మనాఫీని చూపించాను.

"అక్కా, ఆ కార్డు మళ్ళీ ఒకసారి చదువు. డ్యామేజ్ అని ఉంది. నేను పెట్టేది డ్యామేజ్ కాదు, కౌంటర్లు."

చదివాను. వాడు చెప్పిందే నిజం. ఈ ఆటలో డ్యామేజ్ వేరు, డ్యామేజ్ కౌంటర్ పెట్టడం వేరు. మనాఫీ ఆపేది మొదటిదాన్నే. బెంచ్ మీదవాటితో సహా ఏ రెండు పోకెమాన్లనైనా 90 చొప్పున కొట్టే రేడియంట్ గ్రెనింజా లాంటివాటికి అది మందు, డ్రాగపల్ట్‌కి కాదు. పోనీ జిరాచీ పెడదామా అని చూశాను. అది కౌంటర్లని ఆపుతుంది గానీ బేసిక్, అంటే నేరుగా బల్ల మీద పెట్టగలిగే, పోకెమాన్ దాడుల నుంచి మాత్రమే. డ్రాగపల్ట్ స్టేజ్ 2, అంటే రెండుసార్లు రూపం మారి వచ్చేది. రాబ్స్కా అయితే డ్యామేజ్‌నీ, దాడి వల్ల వచ్చే ఇతర ప్రభావాల్నీ కూడా ఆపుతుంది. కానీ రాబ్స్కా రావాలంటే ముందు రెల్లర్ ఉండాలి. అంటే డెక్‌లో రెండు స్థానాలు, ఐదు చోట్లున్న బెంచ్‌లో ఒకటి, పైగా ఒక టర్న్ ఆలస్యం. నా డెక్ అంత ఖర్చు భరించలేదు. ఎవరో చెప్పారని ఒక కార్డు పెట్టేముందు దాని మీద ఉన్న ప్రతి మాటా ఎదుటి డెక్‌లోని ప్రతి మాటతో సరిచూసుకోండి. ఈ పని నేను మొదటి రోజే చేసుంటే రెండు వారాల సాధన వృథా అయ్యేది కాదు.

చివరికి జవాబు నా డెక్‌లోనే దొరికింది. డ్రాగపల్ట్ ఈఎక్స్ హెచ్‌పీ 320. నా చారిజార్డ్ 180 కొడితే అది చావదు. అయితే డస్క్‌నాయిర్ తనని తాను బలి ఇచ్చుకుని 13 కౌంటర్లు, అంటే 130, పెడుతుంది. అది పోయినందుకు అవతలివాళ్ళు ఒక ప్రైజ్ తీసుకుంటారు. ఆ ప్రైజ్ వల్లే నా చారిజార్డ్ దెబ్బ 210 అవుతుంది. 130కి 210 కలిపితే 340. డ్రాగపల్ట్ అక్కడికక్కడే పడిపోతుంది. ఈఎక్స్ పడితే రెండు ప్రైజ్‌లు కాబట్టి నేను ఒకటి ఇచ్చి రెండు తీసుకుంటాను. డస్క్‌నాయిర్ దాకా వెళ్ళకుండా మధ్య రూపం డస్క్లాప్స్‌తో 50 పెడితే 260 దగ్గరే ఆగిపోతుంది, చాలదు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాక నాకు రెండు విషయాలు తేలాయి: డ్రాగపల్ట్ కోసం కొత్త కార్డు అక్కర్లేదు, నాకు కావలసింది డస్కల్ మొదటి టర్న్‌లోనే బెంచ్ మీదికి రావడం, ఆ తర్వాత మధ్య రూపాన్ని దాటవేయించే రేర్ క్యాండీ చేతిలో ఉండడం. మనాఫీ తీసేసి ఆ చోట నాలుగో బడ్డీ-బడ్డీ పాఫిన్ పెట్టాను. 70 లేదా అంతకన్నా తక్కువ హెచ్‌పీ ఉన్న బేసిక్‌లని రెండింటిదాకా వెతికి బెంచ్ మీద పెట్టే కార్డు అది. కాపాడే కార్డు కోసం వెతుకుతూ కూర్చున్నదాన్ని, వేగం పెంచుకుని ముందే కొట్టడం మొదలుపెట్టాను.

ఇక అంకెలు. రమ్మీ ఆడే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఒక ముక్క కోసం ఎదురుచూడడం కొత్తేమీ కాదు. అయితే అక్కడ పేక అందరికీ ఒకటే, ఇక్కడ పేకని కట్టేది మనమే కాబట్టి ఎదురుచూపు ఎంతసేపో కూడా మన చేతిలోనే ఉంది. తొలి ఏడు కార్డుల్లో కనీసం ఒకటైనా వచ్చే అవకాశం: నాలుగు కాపీలుంటే 40 శాతం, మూడుంటే 32, రెండుంటే 22, ఒక్కటే ఉంటే 12. కాబట్టి మొదటి టర్న్‌లో కావలసినవి నాలుగు పెట్టండి. ఆట మధ్యలో ఒకసారి కావలసినవి, వెతికి తెచ్చుకోగలిగినవి ఒకటో రెండో చాలు. పిడ్జాట్ ఉన్న డెక్‌లో ఒక్కో కాపీ కార్డులు ఎక్కువ కనబడేది అందుకే. వాటిని పిడ్జాట్ లేని డెక్‌లోకి అలాగే దించేస్తే పనిచేయవు.

ఒక్క కాపీకి ఇంకో ప్రమాదం ఉంది. ఆట మొదట్లో ఆరు కార్డులు ప్రైజ్‌లుగా బోర్లా పక్కకి పోతాయి. 60లో 6, అంటే ఏ ఒంటరి కార్డయినా పదింట ఒక ఆటలో డెక్‌లోనే ఉండదు. అది లేకపోతే మీ ఆట ఆగిపోతుందనుకుంటే రెండోది పెట్టండి. ఆగకపోతే ఒకటే ఉంచి, మొదటిసారి డెక్ వెతికినప్పుడు ప్రైజ్‌లలో ఏం పోయాయో లెక్క తేల్చుకోండి. ఈ రెండో అలవాటు నాకు నెల పట్టింది.

బేసిక్ పోకెమాన్ల లెక్క కూడా మర్చిపోకండి. తొలి చేతిలో ఒక్క బేసిక్ కూడా లేకపోతే మల్లిగన్, మళ్ళీ పంచుకోవాలి, అవతలివాళ్ళు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. బేసిక్‌లు 11 ఉంటే 22 శాతం సార్లు అలా జరుగుతుంది. 8 ఉంటే 35 శాతం. నేను మనాఫీ తీసినప్పుడు నావి 11 నుంచి 10కి తగ్గాయి, 22 కాస్తా 26 అయింది. అది తెలిసే తీశాను. తెలియకుండా తీయడం తప్పు.

ఈ శాతాలు మీ చేతికి తెలియాలంటే ఒంటరిగా ఆడి చూడాలి. ఏడు కార్డులు, ఆరు ప్రైజ్‌లు పంచుకుని ఎదురుగా ఎవరూ లేకుండా రెండు టర్న్‌లు ఆడండి. రెండో టర్న్‌కి మీకు కావలసిన స్థితి వచ్చిందో లేదో నోట్‌బుక్‌లో గీత పెట్టండి. ఇరవైసార్లు చేయండి. నా పాత లిస్టుతో ఇరవైలో తొమ్మిదిసార్లు రెండో టర్న్‌కి పిడ్జాట్ వచ్చింది, మార్చాక పన్నెండుసార్లు. ఇరవై అనేది చిన్న అంకె, దాన్ని బట్టి ఒట్టు పెట్టి చెప్పలేం. కానీ రానప్పుడు ఎందుకు రాలేదో ఆ గీతల పక్కన రాసుకున్నది మాత్రం అమూల్యం. మార్చాక కూడా రాని ఎనిమిది సందర్భాల్లో ఐదింట నా చేతిలో అప్పటికి పనికిరాని బాసెస్ ఆర్డర్స్, సూపర్ రాడ్ కార్డులు ఉన్నాయి. అప్పుడు తెలిసింది తీయాల్సింది ఏదో.

తీయడమే కష్టం. చేర్చాలనుకున్న కార్డులతో ఎప్పుడూ 63 అవుతాయి. నా పద్ధతి ఒకటే. ఓడిన ఆట అవగానే చేతిలో మిగిలిన కార్డుల పేర్లు రాసుకుంటాను. పది ఆటల తర్వాత ఏ పేరు ఎక్కువసార్లు వచ్చిందో అది ముందు పోతుంది, నాకు ఎంత ఇష్టమైనదైనా సరే. ఒకేసారి రెండు కార్డులకి మించి మార్చకండి. ఆరు మారిస్తే గెలిచినా ఎందుకు గెలిచారో తెలియదు. కార్డులు తీసుకునే సపోర్టర్లనీ, వెతికే బాల్స్‌నీ తీసి చోటు చేసుకోవాలన్న ఆలోచన వస్తే ఆగండి. డెక్‌ని నడిపేవి అవే.

సమయం గురించి ఎవరూ ముందు చెప్పరు. మా షాపులో కప్ రౌండ్లు బెస్ట్ ఆఫ్ త్రీ, 50 నిమిషాలు. గెలిస్తే 3 పాయింట్లు, టై అయితే 1. ప్రతి టర్న్‌లో డెక్ వెతికి కలిపే పిడ్జాట్ లాంటి డెక్‌కి మూడో ఆట పూర్తికావడం కష్టం. నా మొదటి కప్‌లో రెండు టైలు వచ్చాయి, రెండూ నేను గెలిచే స్థితిలో ఉండగానే గంట మోగింది. అక్కడే పై ఎనిమిదిమందిలోకి వెళ్ళే అవకాశం పోయింది. కాబట్టి ఇంట్లో కూడా ఫోన్‌లో టైమర్ పెట్టుకునే ఆడండి. డెక్ మార్చొద్దని అన్నానే, దానికి అసలు కారణం ఇదే. 60 కార్డులు చేతికి అలవాటైనవాళ్ళు ఆలోచించే టైము సగం అవుతుంది. కొత్త డెక్ ఎంత బలమైనదైనా మూడు వారాల్లో ఆ వేగం రాదు.

మీ మూడు వారాలు ఇలా వాడండి. మొదటి వారం ఏమీ మార్చకుండా ఆడండి, రాసుకోండి. రెండో వారం మీ షాపుకి వెళ్ళి మామూలు లీగ్ రోజున ఎవరు ఏం ఆడుతున్నారో చూడండి, వీలైతే ఆ డెక్‌లనే కాగితం కార్డులతో కట్టి ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకోండి. మూడో వారం రెండేసి చొప్పున మార్చండి. కప్‌కి మూడు రోజుల ముందు ఆపేయండి.

నేను చెప్పిన కార్డుల్లో కొన్ని ఇప్పుడు స్టాండర్డ్‌లో, అంటే ఈమధ్య కార్డులనే అనుమతించే పోటీ పద్ధతిలో, చెల్లవు. కార్డు కింద ఎడమ మూల చిన్న అక్షరం ఉంటుంది. 2025 ఏప్రిల్ 11న ఎఫ్ అక్షరం కార్డులు వెళ్ళిపోయాయి, మనాఫీ వాటిలోదే. పాత లిస్టు చూసి కొన్నారేమో మీ 60నీ ఒకసారి తిరగేసి చూడండి. డెక్ లిస్టు ముందురోజు రాత్రే రాసుకుని, ఇంకొకరితో కార్డులు లెక్కపెట్టించండి. లిస్టులో తేడా ఉంటే ఆడకుండానే గేమ్ పోవచ్చు. మూలలు నలిగిన స్లీవ్‌లుంటే మొత్తం 60కీ కొత్తవి వేయండి, నలిగినవాటికి మాత్రమే మారిస్తే అవి గుర్తుపట్టేలా తయారవుతాయి.

ఏ డెక్ ఆడుతున్నారో మీరు రాయలేదు. ఆ పేరుతో పాటు, ఓడిన ఆఖరి పది ఆటల్లో చేతిలో మిగిలిన కార్డులు కూడా రాయండి. ఏ రెండు ముందు తీయాలో కలిసి చూద్దాం.